సజ్జ మీదున్న గేమ్‌బాయ్, పీఎస్‌పీలను మళ్లీ ఆడించుకోవడం ఎలా

చేతిలో పట్టుకుని ఆడే పాత హ్యాండ్‌హెల్డ్ గేమ్ కన్సోల్ ఎక్కడ కొనాలని ఎవరు అడిగినా, ముందు చుట్టాలకు ఫోన్ చేయమంటాను. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లు లేని ఊరు లేదు, హన్మకొండలో అయితే పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు ఏ కాలనీలో చూసినా ఉంటాయి. గేమ్‌బాయ్ చేసిన నింటెండో కంపెనీ సామాను మన దుకాణాల్లో పెద్దగా దొరికింది లేదు కాబట్టి గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లు, రెండు తెరల డీఎస్‌లు మన ఊళ్లకు ఎక్కువగా వాళ్ల సూట్‌కేసుల్లోనే వచ్చాయి. పిల్లలు కొన్నాళ్లు ఆడారు, చేతికి ఫోన్లు రాగానే అవి సజ్జ ఎక్కాయి. "చిన్నమ్మా, తమ్ముడు చిన్నప్పుడు ఆడిన గేమ్ ఇంకా ఉందా" అని అడిగి చూడండి, చార్జర్‌తో సహా అట్టపెట్టెలోంచి దించి ఇచ్చేవాళ్లు ఉన్నారు. "అది పాడైపోయింది బిడ్డా" అని కూడా అంటారు. ఆ మాట నమ్మకండి, తీసుకోండి.

ఎందుకంటే మన ఇళ్లల్లో పాడైపోయాయన్న కన్సోళ్లలో చాలావాటికి అసలు జబ్బు కరెంటు అందకపోవడమే. చార్జర్ కాలి ఉంటుంది, బ్యాటరీ చచ్చి ఉంటుంది, సెల్లు కారి స్ప్రింగులు తుప్పు పట్టి ఉంటాయి, లేదంటే పవర్ స్విచ్‌లో దుమ్ము ఉంటుంది. వీడియోలు చూసి మొదటి రోజే కొత్త స్క్రీన్ కిట్ ఆర్డర్ పెట్టేవాళ్లను చూస్తే బాధేస్తుంది. ముందు కరెంటు, తర్వాత శుభ్రం, మోడ్డింగ్ (కొత్త తెరలాంటివి వేయడం) ఆ తర్వాతే. ఈ వరస తప్పకపోతే డబ్బులు మిగులుతాయి, కన్సోల్ కూడా బతుకుతుంది.

చార్జర్ గుచ్చే ముందు

అమెరికా నుంచి వచ్చిన గేమ్‌బాయ్ అడ్వాన్స్ ఎస్పీ చార్జర్‌ను తిప్పి వెనక సన్న అక్షరాలు చదవండి. ఇన్‌పుట్ 120 వోల్టులు అని ఉంటుంది. మన గోడలో వచ్చేది 230. కిరాణా కొట్టులో దొరికే కన్వర్టర్ పిన్ను పెట్టి గుచ్చితే పిన్ను ఆకారం మారుతుందే గానీ వోల్టేజీ మారదు, చార్జర్ కాలిపోతుంది. డీఎస్ లైట్ అమెరికా చార్జర్ కూడా అంతే. దుబాయి నుంచి వచ్చినదైతే ఆ భయం లేదు, అక్కడి కరెంటూ ఇంచుమించు మనలాంటిదే, లావు మూడు పిన్నులకు కన్వర్టర్ చాలు. పీఎస్‌పీకి సోనీ ఇచ్చిన చార్జర్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటుంది కాబట్టి ఏ దేశానిదైనా పనిచేస్తుంది.

అమెరికా చార్జర్ ఉంటే దాన్ని పక్కన పెట్టి, యూఎస్‌బీ కేబుల్ ఒకటి తెప్పించుకోండి. ఎస్పీకి, మొదటి డీఎస్‌కు ఒకే రకం పిన్ను, డీఎస్ లైట్‌కు వేరే రకం. ఆ కేబుల్‌ను మామూలు 5 వోల్టుల ఫోన్ చార్జర్‌కు తగిలిస్తే పని అయిపోతుంది.

బ్యాటరీ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ఎస్పీ వెనక మూత, పీఎస్‌పీ బ్యాటరీ డోర్ కొంచెం ఉబ్బినట్టు కనిపించినా, బల్ల మీద పెడితే కన్సోల్ అటూ ఇటూ ఊగినా, ఆ బ్యాటరీ పని అయిపోయినట్టే. చార్జింగ్ పెట్టకండి, నొక్కి చదును చేయాలని చూడకండి, చెత్తబుట్టలో వేయకండి. విడిగా తీసి పాత ఎలక్ట్రానిక్స్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి. పీఎస్‌పీ బ్యాటరీ లేకుండా చార్జర్ మీద కూడా నడుస్తుంది కాబట్టి కొత్తది వచ్చేలోగా మిగతావన్నీ పరీక్షించుకోవచ్చు. 1000 మోడల్‌ది 1800 ఎంఏహెచ్ లావు బ్యాటరీ, 2000, 3000 మోడళ్లది 1200 ఎంఏహెచ్ సన్న బ్యాటరీ, మోడల్ చూడకుండా ఆర్డర్ పెడితే మూత పట్టదు.

పెన్సిల్ సెల్లతో నడిచే వాటిలో సెల్లు కారి ఉంటే ముందు అది ఏ రకం సెల్లో చూడండి. ఆల్కలైన్ అయితే తెల్లటి పొడి పేరుకుంటుంది, ఇయర్ బడ్‌ను వెనిగర్‌లో గానీ నిమ్మరసంలో గానీ ముంచి రుద్దితే బుసబుసమని కరుగుతుంది. మన దగ్గర ఎక్కువగా దొరికే మామూలు జింక్ కార్బన్ సెల్లు కారితే అది ఆమ్లం, దానికి వంట సోడా తడిపి రుద్దాలి. ఏది వాడినా చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారు, 99 శాతానిదే తీసుకోండి, మెడికల్ షాపు స్పిరిట్‌లో నీళ్లు ఎక్కువ.

ఏది తీసుకోవాలి

ముందు ఏ గేమ్ ఆడాలో అనుకోండి, తర్వాత మిషన్. 1989లో వచ్చిన మొదటి గేమ్‌బాయ్ చూడ్డానికి బాగుంటుంది, నాలుగు పెన్సిల్ సెల్లు తింటుంది, వెలుతురు లేని ఆకుపచ్చ తెర. చేతిలో పట్టుకుంటే ప్రేమ పుడుతుంది గానీ రోజూ ఆడటానికి 2001 నాటి గేమ్‌బాయ్ అడ్వాన్స్ కుటుంబమే మేలని నా గట్టి అభిప్రాయం. అడ్వాన్స్, ఎస్పీ రెండూ పాత గేమ్‌బాయ్, గేమ్‌బాయ్ కలర్ క్యాసెట్లను కూడా ఆడిస్తాయి. తక్కువ ఖర్చులో అడ్వాన్స్ గేములు ఆడాలంటే డీఎస్ లైట్ చూడండి, కింద రెండో స్లాట్‌లో అడ్వాన్స్ క్యాసెట్ పడుతుంది, తెరకు వెలుతురు బాగుంటుంది. పాత గేమ్‌బాయ్ క్యాసెట్లు మాత్రం అందులో పట్టవు. కొనేముందు దాని మూత మడిచే కీలు కుడివైపు పగిలిందేమో చూడాలి, ఆ మోడల్‌కు అది మామూలుగా వచ్చే జబ్బు.

ఎస్పీలో రెండు రకాలు. ఏజీఎస్-001కు తెర ముందునుంచి వెలుతురు పడుతుంది, ఏజీఎస్-101కు వెనకనుంచి. నంబర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది గానీ స్టిక్కర్లు కూడా కొత్తవి అమ్ముతున్నారు, కాబట్టి తెర కింద ఉన్న లైట్ బటన్ నొక్కి చూడండి. 001 అయితే లైట్ పూర్తిగా ఆరిపోతుంది, 101 అయితే తగ్గుతుంది, పెరుగుతుంది, అంతే తప్ప ఆరదు. అమ్మేవాళ్లు 101 ధర చెప్తే ఆ బటన్ నొక్కకుండా డబ్బులు ఇవ్వకండి.

సెగా గేమ్ గేర్ దొరికితే సంతోషమే, కానీ మొదటి కన్సోల్‌గా వద్దు. దాని లోపలి కెపాసిటర్లు కారిపోయే రకం, తెర మసకబారి సౌండ్ పోయి ఉంటుంది, వాటన్నిటినీ మార్చే చేయి మీకు ఉండాలి.

బయట కొనేటప్పుడు అన్నా, భయ్యా అంటూనే అన్నీ పరీక్షించండి. సెల్లు, ఒక క్యాసెట్, ఇయర్‌ఫోన్, ఒక చిన్న టార్చ్ జేబులో పెట్టుకుని పోండి. వాల్యూమ్ చక్రం తిప్పినప్పుడు గరగర వస్తే అది దుమ్ము, శుభ్రం చేస్తే పోతుంది. ఆన్ చేసి పవర్ స్విచ్ మీద వేలితో మెల్లగా నొక్కి అటూ ఇటూ కదపండి, లైట్ మిణుకుమంటే అది కూడా స్విచ్‌లో మురికే. వీటికి ధర తగ్గించమనొచ్చు, భయపడి వదిలేయనక్కర్లేదు. సెల్లు పెట్టే చోట ఆకుపచ్చ తుప్పు బోర్డు లోపలికి పాకి ఉంటే మాత్రం వదిలేయండి. మొదటి గేమ్‌బాయ్ తెర మీద నిలువు గీతలు మాయమై ఉంటే తెర పోయిందని అమ్మేవాళ్లూ అనుకుంటారు, నిజానికి కింది రిబ్బన్ అతుకు వదిలి ఉంటుంది, సోల్డరింగ్ ఐరన్‌ను సన్నని వేడి మీద దానిపై మెల్లగా జరిపితే గీతలు తిరిగి వస్తాయి. అలాంటివి తక్కువకు దొరికితే వదలొద్దు. హైదరాబాద్ పోతే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో పాత సామాను వెతకండి, విడిభాగాలు, సోల్డరింగ్ సరుకు కోఠి గుజరాతీ గల్లీలో చూడండి.

విప్పడం, తుడవడం

నింటెండో వాళ్లు మూడు ఆకుల వై ఆకారం స్క్రూలు వాడారు. మొబైల్ రిపేర్ కిట్‌లో కూడా వై బిట్ ఉంటుంది, కానీ అది ఐఫోన్‌కు పనికొచ్చే చిన్న సైజు, దాన్ని పెట్టి బలంగా తిప్పితే స్క్రూ తల అరిగి ఇక రాదు. గేమ్‌బాయ్ సైజు అని చూసి విడిగా కొనండి. పాత గేమ్‌బాయ్ క్యాసెట్లకు 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే స్క్రూడ్రైవర్ బిట్ కావాలి, అడ్వాన్స్ క్యాసెట్లకు మళ్లీ వై బిట్టే.

అడ్వాన్స్ విప్పడం నేర్చుకుంటే మిగతావి తేలికే. సెల్లు తీయండి. వెనక స్క్రూలన్నీ తీశాక ఏది ఎక్కడిదో తెలిసేలా కాగితం మీద కన్సోల్ బొమ్మ గీసి అదే చోట్ల పెట్టండి, సెల్లు పెట్టే గూట్లో ఉన్న స్క్రూ మిగతావాటి లాంటిది కాదు. వెనక సగం లేవగానే బోర్డు కనిపిస్తుంది, దాన్ని గుంజకండి, తెర నుంచి వచ్చే రిబ్బన్ ఇంకా తగిలే ఉంటుంది. రిబ్బన్ దూరిన కనెక్టర్‌కు రెండు చివర్లా చిన్న చెవుల్లాంటివి ఉంటాయి, గోటితో ఒకసారి ఇటు కొంచెం, ఒకసారి అటు కొంచెం బయటికి జరపండి. ఒక మిల్లీమీటర్ జరిగితే చాలు, రిబ్బన్ దానంతటదే వదులవుతుంది. ఒకే వైపు లాగితే చెవి విరిగిపోతుంది, అది విరిగితే అతికించడం నరకం.

ఇప్పుడు పవర్ స్విచ్. పక్కన ఉన్న సందుల్లో ఐపీఏ రెండు చుక్కలు వేసి, స్విచ్‌ను అటూ ఇటూ చాలాసార్లు ఆడించండి, మళ్లీ చుక్క వేసి మళ్లీ ఆడించండి. నల్లటి నీరు కారుతుంది, అదే ఇన్నాళ్లూ కరెంటును ఆపింది. వాల్యూమ్ చక్రానికీ ఇదే వైద్యం. బటన్ల కింది రబ్బరు ముక్కల్ని గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడగొచ్చు, వాటి నల్లటి కార్బన్ బొట్లను మాత్రం రుద్దకుండా ఐపీఏతో ఒకసారి అద్ది వదిలేయండి. బోర్డు మీది నల్లటి కాంటాక్టులనూ మెల్లగా తుడవండి. చిన్నప్పుడు జాతరలో కొన్న బ్రిక్ గేమ్ బటన్లు పనిచేయకపోయినా ఇదే మందు.

తిరిగి బిగించేటప్పుడు ఒక పద్ధతి ఉంది. స్క్రూను రంధ్రంలో పెట్టి ముందు వెనక్కి, అంటే విప్పే వైపు మెల్లగా తిప్పండి, టిక్ మని చిన్నగా దిగినట్టు వేలికి తెలుస్తుంది. అప్పుడు పాత మర సరిగ్గా దొరికినట్టు, అక్కడినుంచి బిగించండి. ఇలా చేయకపోతే స్క్రూ ప్లాస్టిక్‌లో ప్రతిసారీ కొత్త మర కోసుకుంటూ పోతుంది, నాలుగోసారికి పట్టు ఉండదు. గట్టిగా తగలగానే ఆపేయండి.

ఇంత చేశాక కన్సోల్ ఆన్ అయి, లైట్ మిణుకకుండా గంటసేపు ఆడితే అప్పుడు స్క్రీన్ గురించి ఆలోచించండి. అడ్వాన్స్ అసలు తెరకు వెలుతురు లేదు, పగలు కిటికీ దగ్గర కూర్చోవాలి. ఐపీఎస్ కిట్, అంటే వెలుతురున్న కొత్త తెర వేస్తే రాత్రి కూడా ఆడొచ్చు, రంగులు చూస్తే మతిపోతుంది. కానీ కిట్ ఎక్కువ కరెంటు లాగుతుంది, స్విచ్‌లో మురికి ఉన్న కన్సోల్‌కు కిట్ వేస్తే లైట్ ఎర్రబడి ఆగిపోతుంది, అప్పుడు కిట్ బాగాలేదని తిడతారు. బోర్డులు రెండు రకాలు, రిబ్బన్‌కు 32 పిన్నులు ఉన్నవీ 40 పిన్నులు ఉన్నవీ. చాలా కిట్లలో రెండు రిబ్బన్లూ ఇస్తారు, అయినా విప్పి చూసుకున్నాకే ఆర్డర్ పెట్టండి. పాత డొప్పలో కొంత ప్లాస్టిక్ కోయాల్సి వస్తుంది, అసలు డొప్పను కోయడం నాకు ఇష్టం ఉండదు, ఐపీఎస్ కోసమే కోసి పెట్టిన కొత్త డొప్పలు అమ్ముతారు, అది తీసుకుని అసలుదాన్ని దాచుకోండి. వెలుతురు తగ్గించే పెంచే వైర్లు మూడింటిని బోర్డుకు సోల్డర్ చేయాలి. ఆ పని రాకపోతే ఫోన్ బోర్డులు బాగుచేసే మంచి మెకానిక్‌కు చుక్కలు ఎక్కడ పెట్టాలో ఫొటో చూపించండి, వాళ్లకు అది చిటికెలో పని. వైర్లు లేకున్నా తెర పనిచేస్తుంది.

సెల్ల విషయానికొస్తే రీచార్జబుల్ నికెల్ మెటల్ హైడ్రైడ్ రకం మంచిది. జింక్ కార్బన్ సెల్లు ఐపీఎస్ తెరకు సరిపోవు, తొందరగా చేతులెత్తేస్తాయి.

క్యాసెట్లు

క్యాసెట్ పట్టకపోతే ఊదడం మన అందరికీ అలవాటు, మానేయండి, నోటి తడి పిన్నుల మీద పడి కొన్నాళ్లకు మచ్చలు తేలతాయి. ఇయర్ బడ్‌కు ఐపీఏ అద్ది పిన్నుల పొడవునా తుడవండి, బడ్ తెల్లగా వచ్చేదాకా మార్చుకుంటూ పోండి.

పోకెమాన్ క్యాసెట్లు కొనేటప్పుడు నకిలీవి చాలా ఉంటాయి. టార్చ్ వేసి క్యాసెట్ కింది అంచులోంచి చూస్తే బోర్డు మీద, పిన్నులకు కొంచెం పైన నింటెండో అని అచ్చు కనిపించాలి. ముందు లేబుల్‌ను వాలుగా పట్టి చూస్తే, రెండు అంకెలు లోపలికి నొక్కినట్టు కనిపిస్తాయి. రూబీ, సఫైర్, ఎమరాల్డ్ అసలు డొప్పలు రంగు గాజులా పారదర్శకంగా ఉంటాయి, లోపలి గుండ్రటి బ్యాటరీ బయటికే కనిపిస్తుంది.

ఆ బ్యాటరీ గురించి తెలియక చాలామంది గాబరా పడతారు. ఎమరాల్డ్‌లో ఉన్న సీఆర్1616 గడియారం కోసమే, అది చచ్చినా మీ సేవ్ పోదు. పాత పోకెమాన్ గోల్డ్, సిల్వర్‌లో ఉన్న సీఆర్2025 మాత్రం సేవ్‌నూ పట్టి ఉంచుతుంది, అది తీయగానే ఆట మొత్తం పోతుంది. ఎవరి చిన్ననాటి సేవ్ అయినా అందులో ఉంటే ముందు జీబీఎక్స్‌కార్ట్ లాంటి రీడర్‌తో కంప్యూటర్‌లోకి తీసి పెట్టుకోండి, ఆ తర్వాత బ్యాటరీ మార్చి తిరిగి ఎక్కించండి. కొత్త బ్యాటరీ సోల్డర్ చేసే లోహపు కాళ్లతో వచ్చేదే కొనాలి. చేతిగడియారం బిళ్లకు నేరుగా సోల్డర్ పెడితే వేడికి పేలే ప్రమాదం ఉంది.

గేమ్ ఫైళ్లు ఎక్కడ దొరుకుతాయని అడగకుండానే చెప్తున్నా, అదే రీడర్‌తో మీ సొంత క్యాసెట్లోంచి తీసుకోండి. కంపెనీల గేములను ఎవరో నెట్‌లో పెట్టింది దింపుకోవడం కాపీరైట్ నేరం. ఉచితంగా ఇచ్చేవి కూడా కొదవ లేదు, పాత గేమ్‌బాయ్ కోసం చేసిన టోబు టోబు గర్ల్ ఆడి చూడండి, చిన్నదే గానీ చేతిని వదలదు.

పీఎస్‌పీ

దీన్ని మన దేశంలో సోనీ నేరుగా అమ్మింది కాబట్టి వరంగల్‌లో కూడా తేలిగ్గానే దొరుకుతుంది. కొనదలిస్తే 2000 లేదా 3000 మోడల్. 1000లో 32 ఎంబీ ర్యామ్, వాటిలో 64, పైగా అవి యూఎస్‌బీతో కూడా చార్జ్ అవుతాయి. యూఎండీ (పీఎస్‌పీ చిన్న డిస్కు) గేములకు దేశం అడ్డు లేదు, జపాన్‌దైనా ఆడుతుంది.

పీఎస్‌పీలో వేసే మెమరీ కార్డులైన సోనీ మెమరీ స్టిక్ ప్రో డుయోల్లో నకిలీలు ఎక్కువ, వాటి జోలికి పోకుండా మైక్రో ఎస్‌డీ పెట్టే అడాప్టర్ తీసుకుని, మంచి కార్డు వేసి, పీఎస్‌పీ సెట్టింగ్స్‌లోనే ఫార్మాట్ చేయండి. అప్పుడు ఫోల్డర్లు అదే తయారు చేసుకుంటుంది. తర్వాత సోనీ చివరి అధికారిక ఫర్మ్‌వేర్ (కన్సోల్ లోపలి సాఫ్ట్‌వేర్) 6.61కు అప్‌డేట్ చేయాలి, దీనికి చార్జర్‌తో పాటు చార్జ్ ఉన్న బ్యాటరీ కూడా కావాలి, లేకపోతే ఒప్పుకోదు. మొదట్లో బ్యాటరీ గురించి అంత చెప్పింది ఇందుకు కూడా. అప్పుడు సోనీది కాకుండా బయటివాళ్లు చేసిన ఆర్క్-4 కస్టమ్ ఫర్మ్‌వేర్ ఫైళ్లను అది చెప్పిన ఫోల్డర్లలో కాపీ చేసి, గేమ్ మెనూలోంచి లోడర్‌ను నడపండి. కన్సోల్‌ను పూర్తిగా ఆపితే లోడర్‌ను మళ్లీ నడపాలి, స్లీప్‌లో పెడితే అక్కర్లేదు. శాశ్వతంగా ఉండే పద్ధతి కూడా ఉంది, కొన్ని వారాలు ఇలా వాడి అంతా బాగుందనుకున్నాకే దాని గురించి చూడండి.

ఇంటి వైఫై తగలట్లేదని టెన్షన్ పడకండి, చాలా రూటర్లు వాడే డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిని పీఎస్‌పీకి సోనీ ఇవ్వలేదు, అంతే. ఇద్దరి దగ్గర ఇదే ఉంటే వైఫై స్విచ్ వేసి, యాడ్-హాక్ మోడ్‌లో రూటర్ లేకుండానే కలిసి ఆడొచ్చు, కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా రైల్లో ఎదురెదురుగా కూర్చుని కార్ల పందెం వేస్తే స్టేషన్లు తెలియవు.

కొత్తగా వచ్చేవి

సోల్డరింగ్, బ్యాటరీలు మా వల్ల కాదనుకుంటే మియూ మినీ ప్లస్, ఆన్‌బర్నిక్ ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్ లాంటి చిన్న లినక్స్ కన్సోళ్లు ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చూడొద్దు. డబ్బాతో వచ్చే మెమరీ కార్డు మీద మాత్రం నమ్మకం పెట్టుకోకండి. రాగానే కంప్యూటర్‌లో దాని పూర్తి కాపీ తీసి, మంచి కంపెనీ కార్డు కొని, మియూకు ఆనియన్ సిస్టమ్, ఆర్‌జీ35ఎక్స్‌ఎక్స్‌లో ప్లస్, హెచ్ మోడళ్లకైతే మ్యూఓఎస్ లాంటిది ఎక్కించండి. టైప్ సీ పోర్టే అయినా ఫోన్ ఫాస్ట్ చార్జర్ వాడకండి, మామూలు 5 వోల్టుల చార్జర్, వెడల్పు యూఎస్‌బీ ఉన్న కేబుల్ సరిపోతాయి.

తెర సెట్టింగ్ ఒకటి తప్పక మార్చుకోండి. వీటి తెర 640 బై 480. పాత గేమ్‌బాయ్ బొమ్మ 160 బై 144, దాన్ని సరిగ్గా మూడింతలు చేస్తే 480 బై 432 అవుతుంది, చుట్టూ నల్ల అంచు మిగిలినా ప్రతి చుక్కా ఒకే సైజులో ఉంటుంది. వీటిలో పాత గేములను నడిపే రెట్రోఆర్చ్ సాఫ్ట్‌వేర్ వీడియో సెట్టింగ్స్‌లో ఇంటిజర్ స్కేల్ ఆన్ చేస్తే ఇది వస్తుంది. తెర నిండా సాగదీస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా అయి బొమ్మ నడిచినప్పుడల్లా అలలు కదిలినట్టుంటుంది. అడ్వాన్స్ బొమ్మ 240 బై 160 కాబట్టి రెండింతలే పడుతుంది, అది మరీ చిన్నగా అనిపిస్తే వెడల్పుకు సరిపెట్టుకుని పైన ఒక ఫిల్టర్ వేసుకోండి.

ఆటను ఏ క్షణంలో ఉంటే అలాగే దాచే సేవ్ స్టేట్ మీద ఆధారపడకండి, గేమ్‌లోపలి సేవ్ కూడా చేస్తూ ఉండండి. సిస్టమ్ అప్‌డేట్ అయితే పాత స్టేట్ తెరుచుకోకపోవచ్చు, లోపలి సేవ్ మాత్రం ఏ మిషన్‌కైనా తీసుకెళ్లొచ్చు, పైన చెప్పిన రీడర్‌తో అసలు క్యాసెట్‌లోకి కూడా ఎక్కించొచ్చు.

ఆడనప్పుడు పెన్సిల్ సెల్లు తీసేయండి. లిథియం బ్యాటరీలు సగం చార్జ్‌లో ఉంచి కొన్ని నెలలకోసారి చూసుకోండి. మన ఎండాకాలంలో రేకుల కప్పు కింద సజ్జ మీద, ఎండలో నిలిపిన కారులో అసలే వద్దు, కింద బీరువాలో పెట్టండి. వానాకాలం మొదలవ్వగానే డబ్బాలో నాలుగు సిలికా జెల్ పొట్లాలు వేయండి.